చెన్నైలో మొదటి వానాకాలమా? మా గోడ మీది గీతలు చూసి వెళ్ళండి

మా చెల్లెలి కొడుక్కి చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగం వచ్చింది. మడిపాక్కంలో ఇల్లు తీసుకున్నాడు, గ్రౌండ్ ఫ్లోరు. అద్దె తక్కువని మురిసిపోయాడు. ఇల్లు చూసింది మార్చిలో. మార్చిలో చెన్నైలో ఏ వీధైనా బాగానే ఉంటుంది. అక్టోబరు మధ్యలో ఒక రాత్రి పది దాటాక ఫోన్ చేశాడు.

"పెద్దమ్మా, రెడ్ అలర్ట్ అంట. బండేసుకుని సూళ్ళూరుపేట వెళ్ళిపోనా?"

"ఒరేయ్, వాన నీ బండి కంటే ముందే అక్కడికి చేరుతుంది. ముందు మీ బాత్‌రూంలోకి వెళ్ళి నీళ్ళు పోయే జాలీ ఎక్కడుందో చూడు" అన్నాను.

వాడికి నేను వేళాకోళం చేస్తున్నానని అనిపించింది. కాదు. పెళ్ళై 1998లో వెస్ట్ మాంబళం వచ్చాను, అప్పటి నుంచీ అదే ఇల్లు, అదే గ్రౌండ్ ఫ్లోరు. మా కాంపౌండ్ గోడ మీద మార్కర్‌తో గీసిన గీతలు రెండున్నాయి. ఒకటి నా నడుం దాకా వస్తుంది, పక్కన 2015 అని ఉంటుంది. రెండోది మోకాలికి కాస్త కింద, 2023. ఆ రెండు గీతల మధ్య నేర్చుకున్నదే ఆ రాత్రి వాడికి ఫోన్లో చెప్పాను, మిగతాది ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి చూపించాను. మీలో ఎవరైనా కొత్తగా వచ్చి ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు వాన లెక్క

హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు జూన్‌లో గొడుగు కొంటారు. ఇక్కడ ఆ గొడుగు ఎక్కువగా ఎండకే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి నుంచి సాయంత్రమో రాత్రో ఉరుములతో వస్తుంది, గంటో రెండు గంటలో దంచి పోతుంది. అసలు వాన అక్టోబరు మూడో వారం నుంచి. ఏడాదికి పడే సుమారు 140 సెంటీమీటర్లలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. అది సముద్రం వైపు నుంచి వస్తుంది, ఎక్కువగా అర్ధరాత్రి దాటాక మొదలై తెల్లవారే దాకా కురుస్తుంది. అందుకే పొద్దున పాలప్యాకెట్ కోసం తలుపు తీసేసరికి వీధి కనిపించదు.

వాతావరణ శాఖ మాటలకు లెక్క ఉంది. 24 గంటల్లో 6.5 సెం.మీ. దాటితే భారీ, 11.5 దాటితే అతి భారీ, 20.5 దాటితే అత్యంత భారీ. ఆ 24 గంటలు కూడా ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. తెల్లవారుజామున ఆరింటికి మీ కళ్ళెదుట పడ్డ వాన నిన్న పొద్దున మొదలైన లెక్కలోకి పోతుంది. టీవీలో చెప్పే అంకె వాన కొలిచే నుంగంబాక్కం కేంద్రానిదా, మీనంబాక్కం కేంద్రానిదా అన్నది కూడా వినండి. రెండింటి మధ్య పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేవు. అయినా ఒకచోట కుండపోత, ఇంకోచోట చినుకులు పడిన రోజులు నేను చాలా చూశాను.

రెడ్ అలర్ట్ మొత్తం జిల్లాకిస్తారు, మీ వీధికి కాదు. 2024 అక్టోబరులో రెడ్ అలర్ట్ అనగానే వేళచ్చేరి వాళ్ళు కార్లన్నీ తీసుకెళ్ళి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టేశారు. వాయుగుండం కాస్త ఉత్తరంగా జరిగింది, 16న పడుతుందనుకున్నంత వాన పడలేదు. దేశమంతా ఆ ఫొటోలు చూసి నవ్వింది. నేను నవ్వలేదు. ఒకసారి ఇంజన్‌లోకి నీళ్ళు పోయి మెకానిక్ బిల్లు చూసినవాళ్ళెవరూ నవ్వరు.

నేను సెంటీమీటర్ల కంటే గంటలు చూస్తాను. పది సెంటీమీటర్లు రోజంతా మెల్లగా పడితే మా వీధి తాగేస్తుంది. అదే పది మూడు గంటల్లో పడితే మెట్టెక్కుతుంది. దీనికి రాడార్ చూడడం నేర్చుకోండి, పెద్ద విద్యేం కాదు. వాతావరణ శాఖ సైట్‌లో చెన్నై రాడార్ బొమ్మ ఉంటుంది. కదిలే బొమ్మలో పచ్చ, పసుపు, ఎరుపు మచ్చలు సముద్రం మీంచి ఊరి మీదికి ఒకదాని వెనక ఒకటి రైలు పెట్టెల్లా వస్తున్నాయా, లేక ఒక్క మచ్చ వచ్చి వెళ్ళిపోతోందా అన్నదే చూడాల్సింది. ఒక్క మచ్చయితే పడుకోండి. రైలైతే కాఫీ పెట్టుకోండి. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవు" అనేది మా అమ్మమ్మ. రాడార్ వచ్చాక మొదటిది ఓ రెండు మూడు గంటల ముందు తెలుస్తోంది. తమిళనాడు వెదర్‌మ్యాన్ పేరుతో రాసే ప్రదీప్ జాన్ పోస్టులు కూడా మా వీధిలో అందరూ చదువుతారు. ఆయన వాతావరణ శాఖ ఉద్యోగి కాదు. కానీ ఏ మేఘం ఎటు పోతోందో మామూలు మాటల్లో చెబుతాడు. హెచ్చరిక కోసం శాఖను, అర్థం కోసం ఆయన్ని చూడడం నా అలవాటు. మా అబ్బాయి బడిలో ఉన్నప్పుడు పిల్లలందరికీ దేవుడు రమణన్ సార్, అప్పటి చెన్నై వాతావరణ కేంద్రం డైరెక్టరు. ఆయన టీవీలో కనిపిస్తే సెలవేనని కేరింతలు. సెలవు ఇచ్చేది కలెక్టరని ఎంత చెప్పినా వినేవాళ్ళు కాదు.

ఇంకొకటి, మనవాళ్ళు తరచూ పొరబడేది. తుఫాను తీరం దాటే చోటు వేరు, వాన దంచే చోటు వేరు కావచ్చు. 2023 డిసెంబరు 3న చీరాల నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, మిచాంగ్ మా వైపే వస్తోందట, మీకేం భయం లేదులే" అంది. ఆ రాత్రీ మర్నాడూ మాకు వాన ఆగలేదు. తుఫాను మా పక్కన సముద్రంలో నత్తలాగా నడుస్తూ, ఊరి మీద నీళ్ళు కుమ్మరిస్తూ వెళ్ళి 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మా గోడ మీది రెండో గీత దానిదే.

మీ వీధి పల్లమా, మిట్టా?

నీరు పల్లమెరుగు. బ్రోకర్ ఎరగడు, ఎరిగినా చెప్పడు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు వీధి చివర ఇస్త్రీ బండి అతన్ని అడగండి. "అణ్ణా, 2015లో ఇక్కడ ఎంతవరకు వచ్చింది?" అంటే చేత్తో తన ఒంటి మీదే చూపిస్తాడు. మడమా, మోకాలా, నడుమా. మా వాడి వీధిలో ఇస్త్రీ అతను చెయ్యి గుండె దాకా ఎత్తాడు. మా వాడి ముఖం చూడాలి అప్పుడు.

పేర్లు కూడా చెబుతాయి. ఏరి అంటే చెరువు, తాంగల్ అంటే కుంట. మా పక్కనే లేక్ వ్యూ రోడ్డుంది, లేక్ మాత్రం లేదు. మాంబళం చెరువు పూడ్చి దాదాపు వందేళ్ళ కిందట టీ నగర్ కట్టారు. ఆ రోడ్డు పేరులో చెరువు మిగిలింది, వాన పడితే రోడ్డు మీద కూడా. వేళచ్చేరి, మడిపాక్కం, పళ్ళిక్కరణై వైపైతే ఆ చుట్టుపక్కల చెరువుల నీళ్ళన్నీ పళ్ళిక్కరణై చిత్తడి నేలలోకి, అక్కణ్ణుంచి ఒక్కియం మడువు అనే కాలువ మీదుగా బకింగ్‌హామ్ కాలువలోకి, చివరికి కోవళం దగ్గర సముద్రంలోకి పోవాలి. దారి పొడుగూ ఇళ్ళు. పైగా తుఫాను రోజున సముద్రం పోటు మీదుంటే నీళ్ళు పుచ్చుకోదు. అప్పుడు వాన ఆగాక కూడా మీ వీధిలో మట్టం దిగదు. ఆగింది కదా అని కింద పెట్టిన సామాన్లు తడిసేది అలాంటప్పుడే.

అడయారు నది పక్కన ఉండేవాళ్ళు, అంటే అనకాపుత్తూరు, జాఫర్‌ఖాన్‌పేట, సైదాపేట, కోట్టూరుపురం వాళ్ళు, ఆ నదిలోకి నీళ్ళు వదిలే చెంబరంబాక్కం చెరువు మట్టం కూడా చూసుకోవాలి. నిండు మట్టం 24 అడుగులు. ఊరికి నీళ్ళిచ్చే మెట్రోవాటర్ బోర్డు సైట్‌లో రోజూ వేస్తారు. ప్రతి ఏడాదీ "ఏరి తెగిపోయింది, పారిపోండి" అని వాట్సాప్‌లో ఒక ఆడియో తిరుగుతుంది. ఆ గొంతు కూడా నాకు గుర్తుండిపోయింది. మట్టం చూడండి, అధికారుల ప్రకటన చూడండి, ఆడియో డిలీట్ చెయ్యండి.

నీళ్ళు ముందు గుమ్మం నుంచి రావు

ఇది సరిగ్గా చెప్పాలి, ఎందుకంటే మాకెవరూ చెప్పలేదు.

2015 డిసెంబరు 1 రాత్రి. కరెంటు పోయింది. నేనూ మా ఆయనా వీధి గుమ్మం దగ్గర రెండు ఇసుక బస్తాలు వేసి, గడప మీద పాత చీరలు కుక్కి, టార్చ్ పట్టుకుని నీళ్ళని కాపలా కాస్తున్నాం. మెట్టు కింద ఇంకా జానెడు ఎడముంది. మన జాగ్రత్త మనకి ఉందని కాస్త గర్వంగా కూడా ఉంది. ఇంతలో వెనక నుంచి మా అబ్బాయి "అమ్మా, కాళ్ళు తడుస్తున్నాయి" అన్నాడు. టార్చ్ అటు తిప్పితే బాత్‌రూం గడప దాటి నల్లటి నీళ్ళు, చప్పుడు లేకుండా, హాల్లోకి వస్తున్నాయి. వీధిలో డ్రైనేజీ నిండితే ఆ నీరు పైపుల్లో వెనక్కి తన్ని, ఇంట్లో అన్నిటికంటే పల్లంలో ఉన్న కన్నంలోంచి పైకొస్తుంది. ఆ కన్నం మీ బాత్‌రూం జాలీ. మేము ముందు గుమ్మం దగ్గర కూర్చుంటే అది పెరటి దారిన వచ్చింది. పైగా వాన నీరు కాదు, ఏం నీరో నేను రాయక్కర్లేదు.

అందుకని ఇప్పుడు ఇలా చేస్తాం. జాలీ పైకి తీస్తే కింద గిన్నెలాంటి ట్రాప్ ఉంటుంది. పాత దుప్పటి ముక్కలో మూడు నాలుగు గుప్పిళ్ళ ఇసుక పోసి, కొబ్బరికాయంత మూట కడతాను. గట్టిగా కట్టకూడదు, నొక్కితే సాగి కన్నం ఆకారానికి సర్దుకోవాలి. దాన్ని రెండు పాలిథిన్ కవర్లలో పెట్టి ట్రాప్‌లోకి కుక్కి, కాలితో తొక్కుతాను. పైన మందపాటి రబ్బరు మ్యాట్ ముక్క, దాని మీద నీళ్ళు నింపిన 20 లీటర్ల క్యాన్. ఖాళీ క్యాన్ పెడితే తేలిపోతుంది, మా వాడు ఆ పనే చేశాడు. కమోడ్‌లోకి ఇలాంటిదే పెద్ద మూట. వాషింగ్ మెషీన్ పైపు దూర్చే కన్నం, వంటింటి సింకు కింద పైపు నేలలోకి దిగే చోటు కూడా మర్చిపోవద్దు. మిచాంగ్ అప్పుడు మేము బాత్‌రూములు రెండూ మూసి, ఆ సింకు కన్నం మర్చిపోయాం. వంటింట్లో చీలమండ దాకా వచ్చింది.

శాశ్వతంగా కావాలంటే ఇంటి నుంచి వీధి చాంబర్‌కి పోయే లైన్లో ప్లంబర్ చేత నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి. నీళ్ళు బయటికి పోతాయి, లోపలికి రావు. ఏడాదికోసారి సెప్టెంబరులో తెరిచి చెత్త తీయించాలి, లేకపోతే తలుపు సగంలో ఇరుక్కుని ఉన్నా లేనట్టే. మా ఆయన "పెట్టిద్దాం, పెట్టిద్దాం" అంటూ ఎనిమిదేళ్ళు గడిపి, 2023 గీత గీశాక పెట్టించాడు.

కన్నాలు మూస్తే మీ బాత్‌రూం మీకూ ఉండదు. పై అంతస్తు వాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి. మా పైన మామీ ఉంటారు, డెబ్భై దాటాయి. రాడార్‌లో రైలు కనిపించగానే నేను కిందనుంచి "మామీ!" అంటాను, ఆవిడ "వా మా, తలుపు తీసే ఉంది" అంటారు. పైవాళ్ళు ఒక్క బకెట్ వంపినా ఆ నీళ్ళు మన మూటని తోసుకుని మన ఇంట్లోకే వస్తాయి. అదీ ముందే చెప్పుకోవాలి, సిగ్గుపడితే కుదరదు.

సంపు, మోటరు, కరెంటు

వాన మొదలవక ముందే మోటరు వేసి ఓవర్‌హెడ్ ట్యాంకు నిండా నింపేయండి. తర్వాత మోటరు ఆపి, సంపు మూత చుట్టూ పాలిథిన్ షీటు పరిచి, పైన ఇటుకలు పేర్చండి. వీధి నీళ్ళు సంపులో పడ్డాక తెలియక మోటరు వేశారంటే ఆ మురికి పైకెక్కి, ఒక చోట కడగాల్సింది రెండు చోట్ల కడగాలి. మా పక్క అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ అలవాటుగా పొద్దున ఐదింటికి మోటరు వేసేశాడు. ఇరవై నాలుగు ఇళ్ళ కుళాయిల్లో బ్రౌన్ నీళ్ళు. పాపం, అతనికెవరూ వద్దని చెప్పలేదు.

సంపు మూతి నేలకి కనీసం అడుగున్నర ఎత్తుండాలి. కొత్తగా ఇల్లు చూసేవాళ్ళు టైల్స్ రంగు కంటే ఇది చూడండి.

డాబా మీద నీళ్ళు దిగే కన్నాల్లో ఎండుటాకులు అక్టోబరు మొదట్లోనే తీయించండి. వాననీటి సేకరణ 2003 నుంచి తమిళనాడులో ప్రతి ఇంటికీ తప్పనిసరి. కానీ చాలా ఇళ్ళలో ఆ గుంట ఎక్కడుందో ఇంటివాళ్ళకే తెలియదు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే సుమారు 930 లీటర్లు. పది సెంటీమీటర్లు పడ్డ రోజు ఒక లారీ నీళ్ళు మీ డాబా మీంచి వీధిలోకి పోతున్నట్టు. 2019 జులైలో జోలార్‌పేట నుంచి ఈ ఊరికి రైల్లో నీళ్ళు తెచ్చారు. అప్పుడు కుడం, అదే బిందె, పట్టుకుని లారీ వెనక నిలబడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే నవంబరులో డాబా నీళ్ళు వీధిలోకి పోతుంటే నాకు కడుపు మండుతుంది.

నీళ్ళు ఇంట్లోకి వస్తాయనిపిస్తే ఆలోచించకుండా మెయిన్ ఆఫ్ చేయండి. ఫ్రిజ్ ప్లగ్గు, ఇన్వర్టరు నేల మీదే ఉంటాయి, అదే ప్రమాదం. ఇన్వర్టర్ని ముందే బల్ల మీదికెక్కించాలి, బ్యాటరీ బరువుకి ఇద్దరు కావాలి. వీధిలో ఈబీ, అంటే కరెంటు బోర్డు, పిల్లర్ బాక్సుల దగ్గరికి, తెగిన వైర్ల దగ్గరికి వెళ్ళొద్దు. వాళ్ళు కావాలనే కరెంటు ఆపుతారు, తిట్టుకోకండి. ఫిర్యాదుకి మిన్నగం అనే వాళ్ళ కాల్ సెంటర్ నంబరు 94987 94987. నీళ్ళు నిలిస్తే, చెట్టు పడితే కార్పొరేషన్ 1913. లైను దొరకడానికి ఓపిక కావాలి. వీధి పేరు, వార్డు నంబరు కాగితం మీద రాసి పెట్టుకుని చెయ్యండి.

సరుకుల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పాలు మొదట అయిపోతాయి. ఆవిన్ నీలం ప్యాకెట్ కోసం క్యూలో తడిసే బదులు ఒక పాలపొడి డబ్బా కొనిపెట్టుకోండి. కొవ్వొత్తులు, పవర్ బ్యాంకు, రోజూ వేసుకునే మాత్రలు పది రోజులకు. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో వేసి అటక మీద.

బయటికి వెళ్ళాల్సి వస్తే

వెళ్ళకండి. ఆఫీసు వాళ్ళు రమ్మంటే వీడియో తీసి పంపండి. తప్పదంటే గణేశపురం, దురైసామి, అరంగనాథన్ లాంటి సబ్‌వేల వైపు పోవద్దు. ఎన్ని పంపులు పెట్టినా ముందు నిండేవి అవే. ఏవి మూశారో ట్రాఫిక్ పోలీసులు ఎప్పటికప్పుడు చెబుతారు. నడిచేటప్పుడు మూసిన గొడుగుతో ముందు నేల పొడిచి చూసుకుంటూ అడుగెయ్యాలి. మూత లేని కాలువ నీళ్ళ కింద కనిపించదు. బండి సైలెన్సర్‌లోకి నీళ్ళు పోతే ఆగిపోతుంది. అక్కడితో సరి, మళ్ళీ మళ్ళీ స్టార్ట్ చెయ్యొద్దు, తోసుకెళ్ళండి. కారైతే అసలు తాళం తిప్పొద్దు. మా వాడి బండి ఇప్పుడు వాన రాత్రుల్లో ఎదురింటి ర్యాంపు మీద పడుకుంటుంది. ఆ ఇంటి ఆంటీకి నెలకోసారి సూళ్ళూరుపేట నుంచి తెచ్చిన నిమ్మకాయ పచ్చడి అందుతుంది.

నీళ్ళు దిగేటప్పుడు

అంతా దిగాక కడుగుదాం అనుకోకండి. నీళ్ళు దిగుతుండగానే చీపురుతో ఆ నీళ్ళనే కలిపి, బురదని దాంతోపాటు బయటికి తోసెయ్యాలి. నీళ్ళు వెళ్ళిపోయాక మిగిలిన ఒండ్రు సిమెంటులా పట్టేస్తుంది. 2015లో మేము ఆ తప్పు చేసి నాలుగు రోజులు గీకాం. చెప్పుల్లో, కుక్కర్ గిన్నెల్లో జెర్రులు ఉంటాయి, దులిపి వాడండి.

సంపులో మురికి చేరితే మొత్తం తోడించి, తోమించి, మళ్ళీ నింపాకే వాడాలి. నింపిన మంచినీళ్ళకి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడర్ చాలు. చిన్న బకెట్లో కలిపి, తేరిన నీళ్ళు మాత్రం సంపులో పోసి, గంట ఆగండి. తాగేవి ఎలాగూ మరిగించాలి. మురికి నీళ్ళలో నడిచినవాళ్ళకి తర్వాత జ్వరం వస్తే డాక్టరుతో నీళ్ళలో నడిచానని తప్పకుండా చెప్పండి. ఎలుకల వల్ల వచ్చే జ్వరం మామూలు జ్వరంలాగే మొదలవుతుంది, ఆ ఒక్క మాట చెబితే ఆయన వేరే దారిలో ఆలోచిస్తాడు.

గీత మాత్రం అదే రోజు గీయాలి, గోడ ఆరేలోపు. ఆరాక అందరికీ ఒక్కో ఎత్తు గుర్తుంటుంది. మామీ లెక్కలో 2015 నీళ్ళు ఏటా రెండంగుళాలు పెరుగుతున్నాయి. నిజానికి ఆవిడ నీళ్ళ గురించి అంతగా చెప్పుకోరు. 1878 నుంచి వస్తున్న ఆవిడ ఇంగ్లీషు పేపరు ది హిందూ, పనివాళ్ళు ప్రెస్‌కి చేరలేక 2015 డిసెంబరు 2న చెన్నైలో అచ్చే కాలేదు. కాఫీ పక్కన పేపరు లేని ఆ పొద్దున గురించే ఇప్పటికీ చెబుతారు.

డిసెంబరు చివర మా వాడు మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో టెన్షన్ లేదు.

"పెద్దమ్మా, వారం నుంచి ఎండే. మూటలు పారేయనా? ఇంటికొచ్చినవాళ్ళు అవేంటని అడుగుతున్నారు."

"సంక్రాంతి దాకా ఉంచు. తర్వాత కూడా పారేయకు, విప్పి ఇసుక ఎండబెట్టి డబ్బాలో పోసి పెట్టు. వచ్చే అక్టోబరులో ఈ ఊళ్ళో ఇసుక ఎవడిస్తాడు నీకు?"